తడి చెత్త, గ్యాసు, మన కూలి

(పట్టణ సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అనేది ఇంతకుముందే కోశాధికారి గారు చదివి వినిపించారు. నాకు అప్పగించిన అంశం చెత్త. భోజనాల ముందు చెత్త గురించి మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. వచ్చే ఏడాది ప్రణాళికలో ఒక అంశం రాసి ఉంది, మీరంతా చూసే ఉంటారు: తడి చెత్త నుంచి గ్యాసు తీసే యూనిట్ మునిసిపాలిటీ పెడితే, దాన్ని మన సమాఖ్య నడపాలా, వద్దా. వచ్చే నెల కార్యవర్గం దీనిమీద నిర్ణయం తీసుకోవాలి. చేతులెత్తే ముందు విషయం ఏమిటో, అందులో మనకు వచ్చేదెంత, పోయేదెంత అనేది ప్రతి సంఘానికీ తెలియాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

కుప్ప లోపల ఏం జరుగుతుంది

మన ఇంట్లో చెత్తంటే ఏముంటుంది? కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, చేప పొలుసు, పూజ పూలు, అరటాకులు. వీటితో పాటు పాల కవర్లు, షాంపూ ప్యాకెట్లు, అట్టపెట్టెలు, పాత గుడ్డలు. పట్టణాల్లో మనిషికి రోజుకు అరకిలో అటూఇటూ చెత్త వస్తుంది. మన దేశంలో అందులో ఇంచుమించు సగం తడి చెత్తే. అంటే నలుగురున్న ఇంటి నుంచి రోజుకు ఒక కిలో దాకా తడి చెత్త పోతుందన్నమాట.

ఇదంతా కలిపి ఒకే కవర్లో ముడేసి బండిలో వేస్తాం. బండి ట్రాక్టరుకు, ట్రాక్టరు డంపింగ్ యార్డుకు చేరుస్తుంది. అక్కడ నిన్నటి చెత్తమీద ఇవాళ్టిది, దానిమీద రేపటిది పడుతుంది. అడుగున ఉన్నదానికి గాలి తగలదు. ఇడ్లీ పిండి రాత్రి కలిపి మూత పెడితే పొద్దున్నకి పొంగుతుంది కదా, కంటికి కనిపించని జీవులు లోపల గాలి పుట్టిస్తాయి. కుప్ప అడుగున కూడా అలాంటి జీవులే పనిచేస్తాయి, కాకపోతే గాలి ఆడని చోట బతికే రకం. అవి తడి చెత్తను తిని మీథేన్ అనే గ్యాసును వదులుతాయి. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది ఇదే మీథేన్.

ఈ గ్యాసు కుప్పలోంచి ఊరికే గాల్లోకి పోతే రెండు నష్టాలు. ఒకటి, భూమి వేడెక్కుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడి చేస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే 80 రెట్లు. అయితే మీథేన్ గాల్లో పన్నెండేళ్ల పాటే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌లా వందల ఏళ్లు ఉండిపోదు. కాబట్టి ఇవాళ మీథేన్ తగ్గిస్తే దాని మేలు మన పిల్లల కాలంలోనే కనిపిస్తుంది. ఎండలు ముదిరితే మొదట దెబ్బ తినేది ఎవరో మీకు చెప్పాలా? రేకుల ఇంట్లో ఉండేవాళ్లు, రోడ్డు పక్కన కూరలమ్ముకునేవాళ్లు, భవనాల పనికి పోయేవాళ్లు. అంటే మనమే.

రెండో నష్టం నిప్పు. మీథేన్ మండే గ్యాసు, పక్కనే ప్లాస్టిక్ ఉంటుంది. కేరళలో కొచ్చి నగరం చెత్త వేసే బ్రహ్మపురంలో 2023 మార్చి 2న నిప్పంటుకుంది. అది చల్లారడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పొగ నగరమంతా కమ్ముకుంది, బళ్లకు సెలవులిచ్చారు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో కుప్ప నుంచి ఊరిన నల్లటి నీరు చుట్టుపక్కల నీళ్లను పాడు చేసింది. చివరికి ఆ పాత కుప్పను మట్టితో, ప్లాస్టిక్ పొరలతో కప్పాల్సి వచ్చింది. డంపింగ్ యార్డు ఎప్పుడూ పేదల ఇళ్ల పక్కనే ఉంటుంది కాబట్టి ఆ పొగ పీల్చేదీ, ఆ నీళ్లు వాడేదీ పేదలే.

అంతా కాల్చేస్తే కరెంటు రాదా?

ఈ ప్రశ్న చాలామంది వేస్తారు. చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు మన దగ్గర ఉన్నాయి. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. మన రాష్ట్రంలో గుంటూరు వైపు కొండవీడు దగ్గర ఒకటి, విశాఖలో కాపులుప్పాడలో ఒకటి, ఒక్కొక్కటి 15 మెగావాట్ల సామర్థ్యంతో వచ్చాయి. పెద్ద నగరాలకు అవి ఒక దారి.

కానీ ఒక్క సంగతి. పొయ్యిలో తడి కట్టెలు పెడితే ఏమవుతుంది? కళ్లమంట, పొగ తప్ప వంట అవ్వదు. చెత్తా అంతే. ఢిల్లీలో తిమార్‌పూర్ అనే చోట 1987లో డెన్మార్క్ పరిజ్ఞానంతో ఇలాంటి ప్లాంటు కట్టారు. రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్ల కరెంటు తీయాలన్నది ఆలోచన. కొద్ది వారాలకే ఆగిపోయింది. అక్కడి చెత్తలో కాగితాలు, కట్టెలు ఎక్కువ. మన చెత్తలో తడి, మట్టి, బూడిద ఎక్కువ. మండేంత వేడి అందులో లేదు. అందుకే 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో కిలోకు 1500 కిలోకేలరీలు, అంతకు పైన వేడినిచ్చే చెత్తను కరెంటు లాంటి శక్తి తీయడానికే వాడాలన్నారు. అంటే పొడి చెత్త, అది కూడా మళ్లీ వాడుకోడానికి పనికిరానిది. దాన్ని కాల్చినా పొగను శుభ్రం చేసే పరికరాలు సరిగా ఉండాలి. వీధి చివర చెత్తకు అగ్గిపుల్ల గీస్తే అలాంటిదేమీ ఉండదు. ఆ పొగలోని విషం నేరుగా మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఏ ప్లాంటు కట్టినా, ఎన్ని కోట్లు పెట్టినా, ఇంట్లో తడి పొడి కలిస్తే మాత్రం అది దండగే. పొడి చెత్త తడిసి కాలదు. తడి చెత్తలో ప్లాస్టిక్ కలిసి గ్యాసు ట్యాంకు మూసుకుపోతుంది. ఎరువు చేసినా అందులో గాజుపెంకులు వస్తాయి, రైతు కొనడు. కాబట్టి చెత్త నుంచి వచ్చే కరెంటుకైనా, గ్యాసుకైనా మొదటి ఫ్యాక్టరీ మన వంటిల్లే. ఆ ఫ్యాక్టరీలో ఇన్నాళ్లూ కూలి లేకుండా పనిచేసింది మనమే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

తడి చెత్తకు తగిన దారి

తడి చెత్తను మూసిన ట్యాంకులో వేసి, గాలి ఆడకుండా పులియబెట్టి, వచ్చే గ్యాసును పట్టుకోవడమే బయోగ్యాస్. కుప్పలో జరిగే పనే ట్యాంకులోనూ జరుగుతుంది. అక్కడ గ్యాసు ఆకాశానికి పోతుంది, ఇక్కడ పొయ్యికి పోతుంది. పొయ్యిలో మండితే అది కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది కాబట్టి భూమికి చేసే వేడి బాగా తగ్గిపోతుంది. మిగిలిన జావ మొక్కలకు ఎరువు.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఇది చేసి చూపించారు. హైదరాబాద్‌లోనే ఉన్న ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానం అది. రోజూ మార్కెట్లో మిగిలే సుమారు 10 టన్నుల కూరగాయల చెత్తతో 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు తీశారు. ఆ కరెంటుతో మార్కెట్లో దీపాలు వెలిగాయి, ఆ గ్యాసుతో క్యాంటీన్లో వంట జరిగింది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు ఇంకా పెద్దది. రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకుని, గ్యాసును శుభ్రం చేసి, బస్సులు నడిపే సీఎన్‌జీ చేసేలా కట్టారు. ఆ నగరంలో ముందు కొన్నేళ్ల పాటు ఇంటింటికీ తిరిగి తడి పొడి వేరుచేయడం అలవాటు చేశారు. ఆ తర్వాతే యంత్రం వచ్చింది. మనకు అక్కరకొచ్చే పాఠం అదే.

మన లెక్క మనం వేసుకుందాం

పెద్ద ఊళ్ల సంగతి అలా ఉంచి మన లెక్క చూద్దాం. ఇంటికి కిలో చొప్పున వెయ్యి గడపల నుంచి రోజుకు ఒక టన్ను తడి చెత్త వస్తుంది. బాగా వేరుచేసిన టన్ను తడి చెత్త నుంచి సుమారు 80 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ అంటే అరకిలోకు కొంచెం తక్కువ వంటగ్యాసుతో సమానం. అంటే వెయ్యి ఇళ్ల చెత్తకు రోజుకు సుమారు 35 కిలోలు, మన ఇళ్లకు వచ్చే సిలిండర్లు రెండున్నర.

అంతేనా అని కొందరు మొహం చిట్లిస్తారు. కానీ ఆ 80 ఘనపు మీటర్లలో 30 కిలోల దాకా మీథేన్ ఉంటుంది. అంతా గాల్లో కలిస్తే 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ చేసేంత చెడు చేస్తుంది. ఒక్కరోజుకు, వెయ్యి ఇళ్లకు! భూమికి ఇది పెద్ద లాభమే. మన చేతికొచ్చే డబ్బు లెక్క వేరు.

వెయ్యి గడపల దగ్గర చెత్త తీసుకోవాలంటే, ఒక మనిషి ఒక తోపుడు బండితో పూటకు రెండు వందల యాభై గడపలు తిరిగినా నలుగురు కావాలి. యూనిట్ దగ్గర ఇంకో ఇద్దరు కావాలి. మొత్తం ఆరుగురు. ఇప్పుడు మీ ఇంటికొచ్చే సిలిండర్ ధరను రెండున్నరతో గుణించండి. వచ్చినదాన్ని ఆరుగురికి పంచండి. బండి టైర్లు, కరెంటు బిల్లు, పైపుల మరమ్మతు కూడా అందులోంచే పోవాలి. ఒక్కొక్కరికీ మిగిలేదెంతో మీకే తెలుస్తుంది. ఉత్త గ్యాసు అమ్ముకుని ఆరు కుటుంబాలు బతకలేవు. ఈ మాట ముందే చెప్పకపోతే రేపు నష్టం వచ్చాక సమాఖ్య నిధి మీద పడుతుంది.

కరెంటు తీద్దామా, గ్యాసుగానే వాడదామా అన్నది ఇంకో ప్రశ్న. చిన్న ఇంజన్‌లో గ్యాసు మండితే దాని శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. మన స్థాయి యూనిట్‌కు పక్కనే వంట జరిగే చోటు ఉండడం మంచిది: హాస్టల్, మధ్యాహ్న భోజనం వండే వంటశాల, క్యాంటీన్ లాంటివి. శుభ్రం చేయని బయోగ్యాస్‌ను మామూలు సిలిండర్లలో నింపలేం. పైపు వేసి పక్కింటికి ఇచ్చినట్టు ఇవ్వాలి. కాబట్టి యూనిట్ ఎక్కడ పెడతారన్నదే సగం విషయం. ఊరి బయట డంపింగ్ యార్డులో పెట్టి ఇదిగో గ్యాసు అంటే దాన్ని ఎవరూ కొనరు.

ఇతర చోట్ల అక్కచెల్లెళ్లు ఎలా నిలబడ్డారు

ఛత్తీస్‌గఢ్‌లో అంబికాపూర్ మనలాంటి పట్టణమే. 2015 ప్రాంతంలో అక్కడి స్వయం సహాయక సంఘాల మహిళలు ఇంటింటి చెత్త సేకరణను చేతిలోకి తీసుకున్నారు. వందల మంది మహిళలు రోజూ ఇళ్ల నుంచి తడి, పొడి విడిగా తెస్తారు. వార్డు కేంద్రంలో పొడి చెత్తను రకరకాలుగా ఏరుతారు: అట్ట వేరు, ఇనుము వేరు, ప్లాస్టిక్‌లోనే నాలుగైదు రకాలు. రకం విడగొడితే ధర పెరుగుతుంది. ఒకప్పుడు డంపింగ్ యార్డుగా ఉన్న పదహారు ఎకరాల జాగా ఇప్పుడు పార్కు అయ్యింది. 2019లో అక్కడ కిలో ప్లాస్టిక్ తెచ్చినవాళ్లకు భోజనం పెట్టే క్యాంటీన్ కూడా తెరిచారు. వాళ్ల ఆదాయం రెండు దార్లలో వస్తుంది: ఇళ్ల నుంచి నెలనెలా తీసుకునే రుసుము, అమ్మిన పొడి చెత్త డబ్బు.

కేరళలో కుటుంబశ్రీ మహిళలు హరిత కర్మ సేన పేరుతో ఇళ్ల నుంచి పొడి చెత్త తీసుకుంటారు. అక్కడా ప్రతి ఇల్లూ నెలకు రుసుము కడుతుంది. మన తెలుగు ఊళ్లలో సూర్యాపేట ఇరవై ఏళ్ల కిందటే ఇంటింటా తడి పొడి వేరుచేసి, ఎరువు చేసి, పొడి చెత్త అమ్మి దేశమంతా పేరు తెచ్చుకుంది. సిద్దిపేటలో స్టీలు పళ్లేలు, గ్లాసులు అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టారు. ఫంక్షన్లలో ప్లాస్టిక్ విస్తర్లు తగ్గించడానికి అది మంచి పని. మన దగ్గర ఒక్కో ఏరియా సమాఖ్య అంతర్గత అప్పుతోనే అది మొదలుపెట్టవచ్చు.

ఈ ఊళ్లలో ఎక్కడా మహిళలు యంత్రం వల్ల నిలబడలేదు. సేకరణకూ, ఏరడానికీ ఎవరో ఒకరు నెలనెలా డబ్బు కట్టారు కాబట్టి నిలబడ్డారు.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

యూనిట్ వద్దని నేను అనడం లేదు. నా అభిప్రాయం, తీసుకోవాలి. కానీ ఈ ఆరు విషయాలు ఒప్పంద పత్రంలో రాయించుకుని తీసుకోవాలి.

మొదటిది, కూలి. గ్యాసు అమ్మినా అమ్మకపోయినా, సేకరణకు గడపకు ఇంత చొప్పున మునిసిపాలిటీ నెలనెలా ఇవ్వాలి. ఎంతమంది పనిచేస్తే అంతమందికీ బ్యాంకు ఖాతాలో పడాలి. చెత్త వేరుచేయడం సేవ అని దండ వేస్తారు, శాలువా కప్పుతారు. వాటితో బియ్యం రావు.

రెండోది, కలిపిన చెత్తను తిప్పి పంపే హక్కు. తడి పొడి కలిపి ఇచ్చిన ఇంటికి మొదటిసారి చెప్పాలి, రెండోసారి తీసుకోకూడదు. పక్కన వార్డు సిబ్బంది నిలబడాలి. లేకపోతే తిట్లు తినేది మన చెల్లెళ్లే.

మూడోది, మరమ్మతు. ట్యాంకు, పైపులు, పొయ్యిలు పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎన్నేళ్లు చేస్తారు అనేది రాయించుకోవాలి. గ్యాసు కారే ట్యాంకు ఉంటే, మనం ఆపుదామనుకున్న మీథేన్‌నే మన డబ్బుతో గాల్లోకి వదిలినట్టు.

నాలుగోది, మనుషుల భద్రత. చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు, ఏటా వైద్య పరీక్ష, బీమా, పనిచోట నీళ్లు, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది. ఎట్టి పరిస్థితుల్లోనూ ట్యాంకులోకి మనిషి దిగకూడదు. అందులోని గాలి క్షణాల్లో ప్రాణం తీస్తుంది. దిగినవాళ్లను కాపాడబోయి రెండోవాళ్లు పోతారు. దీన్ని యూనిట్ గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఐదోది, ఇప్పటికే చెత్త ఏరుకుని బతికేవాళ్లు. సంచి భుజాన వేసుకుని తెల్లవారుజామున తిరిగే ఆడవాళ్లను మనందరం చూస్తాం. మన యూనిట్ వాళ్ల కూడు లాక్కోకూడదు. వాళ్లతో సంఘాలు పెట్టించి, గుర్తింపు కార్డులిచ్చి, సేకరణలో కలుపుకోవాలని 2016 నిబంధనలే చెప్పాయి. కొత్త పనిలో మొదటి పిలుపు వాళ్లకే వెళ్లాలి. ప్లాస్టిక్ రకాలు పట్టుకుని చెప్పగలిగింది కూడా వాళ్లే, మనకు నేర్పాల్సింది వాళ్లే.

ఆరోది, లెక్క. రోజూ ఎన్ని కిలోల తడి చెత్త వచ్చింది, అందులో పనికిరానిది ఎంత, గ్యాసు ఎంతసేపు మండింది, డబ్బు ఎంత వచ్చింది, ఎంత పోయింది. పొదుపు పుస్తకం రాసినట్టే రాయాలి. ప్రతి నెలా సమాఖ్య సమావేశంలో చదవాలి.

ఇంట్లో రేపటి నుంచి

ఒప్పందం వచ్చేదాకా ఆగక్కర్లేదు. రెండు బుట్టలు పెట్టండి, పాత పెయింటు డబ్బా అయినా చాలు. తడి చెత్తను కవర్లో ముడేయకుండా నీళ్లు వంచి వేయండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి, ఏరే చేయి మనలాంటి ఆడమనిషిదే అని గుర్తుంచుకోండి. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, కాలం చెల్లిన మందులు వేరే. పెరడున్నవాళ్లు, మేడమీద కుండీలున్నవాళ్లు తడి చెత్తను అక్కడే ఎరువు చేసుకోండి. బండి ఎక్కని చెత్తే అన్నిటికన్నా చవక.

ఇంకో మాట. రెండు బుట్టలు పెట్టాం కదా అని ఆడవాళ్ల పని రెండింతలు కాకూడదు. అరటిపండు తిన్నవాళ్లు తొక్క ఏ బుట్టలో వెయ్యాలో వాళ్లే చూసుకోవాలి. అది మీ ఆయనకైనా, కాలేజీకి వెళ్లే అబ్బాయికైనా ఒకటే. ఈ విషయంలో మొహమాటం వద్దు.

వచ్చే సంఘ సమావేశంలో దీన్ని ఒక అంశంగా పెట్టండి. మీ సంఘంలో ఎన్ని ఇళ్లు తడి పొడి వేరుచేసి ఇవ్వడానికి సిద్ధం, ఎందరు ఈ పనిలోకి రాగలరు, ఇప్పుడు చెప్పిన ఆరింటిలో దేనికి మీరు ఒప్పుకుంటారు, దేనికి ఒప్పుకోరు అనేది తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు చేయండి. ఆ కాగితాలు మీ ఆర్పీ ద్వారా కార్యవర్గానికి అందాలి. వెయ్యి గడపలు లెక్కలో కనిపిస్తేనే మునిసిపాలిటీ ముందు కూర్చుని మాట్లాడే బలం మనకు వస్తుంది. అది లేకుండా వెళ్తే వాళ్లు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టి రావడమే అవుతుంది.

 సందేహాలుంటే భోజనాల తర్వాత ఇక్కడే ఉంటాను, అడగండి.